కాపో కొనే ముందు అవ్వ శ్రుతి తెలుసుకోండి



భజనకి గిటార్ వాయించడం మొదలుపెట్టినవాళ్లు మొదటి నెలలోనే అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "అన్నా, ఏ కాపో కొనాలి?" ఏ కంపెనీది, ఎంతలో వస్తుంది, ఏ రంగు బాగుంటుంది అని అడుగుతారు. నేనూ అట్లానే అడిగాను. కొన్నాక తెలిసింది, అసలు అడగాల్సిన ప్రశ్న అది కాదని. "ఈ కాపో ఎవరి గొంతు కోసం?" అని అడగాలి.

ఈ పాఠంలో రెండూ చూద్దాం. ముందు శ్రుతి, ఆ తర్వాత కాపో. ఈ వరస మాత్రం మార్చొద్దు. ఎందుకో చెప్పడానికి నా అనుభవం ఒకటి చెప్తాను.

ముద్దనూరులో ఆ రాత్రి

మా అమ్మ వాళ్లది ముద్దనూరు. గుంతకల్లు, రేణిగుంట మధ్య రైలు మార్గంలో వచ్చే ఊరు. ఇటు పోతే జమ్మలమడుగు, అటు పోతే ప్రొద్దుటూరు, ఇంకోపక్క పులివెందుల. శ్రీరామనవమి వస్తే మా సీమలో చెక్కభజన, కోలాటం, హార్మోనియం ఉండాల్సిందే. తాళ్లపాక అన్నమయ్య పుట్టింది కూడా మా ఉమ్మడి కడప జిల్లాలోనే కదా, పాటకి కొదవేముంది?

నేను హైదరాబాద్ నుంచి గిటార్ మోసుకుని పోయాను. వీడియో చూసి ఒక భజన బాగా ప్రాక్టీస్ చేశాను. ఆ వీడియోలో అన్న మూడో ఫ్రెట్ మీద కాపో పెట్టి, జి షేప్‌లో వాయిస్తాడు. నేనూ అంతే. కాపో చవగ్గా దొరికిందని ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను, స్ప్రింగ్ రకం.

ఆ రాత్రి రెండు తప్పులు జరిగాయి. ఒకటి అందరికీ వినిపించింది. రెండోది ఎవరికీ వినిపించలేదు.

వినిపించిన తప్పు: గిటార్ హార్మోనియంతో కలవలేదు. ఫోన్‌లో ట్యూన్ చేసుకునే వచ్చాను. అయినా కాపో పెట్టగానే మధ్య తీగలు కొంచెం పైకి పోయాయి, చివరి తీగ జరజరమంటోంది. హార్మోనియం మాస్టారు నావైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా బెల్లోస్ గట్టిగా ఊది నన్ను కప్పేశారు.

వినిపించని తప్పు: మా అవ్వ పాడలేదు. ముప్పై ఏళ్లుగా ఆ గుడిలో పాట అందుకునే మనిషి. పల్లవి ఒకసారి అందుకుంది, చరణంలో పాట పైకి పోగానే ఆగిపోయింది. ఆమె పక్కనున్న పెద్దవాళ్లూ ఆగిపోయారు. చివరికి తాళం వేస్తూ కూర్చున్నారు. నేను మాత్రం కళ్లు మూసుకుని వాయిస్తూనే ఉన్నాను, భక్తిగా వాయిస్తున్నాననుకుని.

ఇంటికొచ్చాక పానకం గ్లాసు చేతికిస్తూ అవ్వ అంది: "పాట బాగనే ఉంది నాయనా. దాంట్లో మాకే చోటు ల్యాకపాయ."

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

కాపో అసలు చేసేదేంటి?

వీణకి మెట్లు ఉన్నట్టే గిటార్‌కి ఫ్రెట్లు ఉంటాయి. ఒక్కో ఫ్రెట్ దాటితే ఒక్కో స్వరస్థానం పైకి పోతాం. 12 ఫ్రెట్లు దాటితే పై స్థాయి వస్తుంది. కాపో అంటే ఆరు తీగల్నీ ఒకే ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకునే చిన్న క్లిప్. మీ చూపుడువేలు చేసే బారె పని అది చేస్తుంది, వేలికి విశ్రాంతి. రెండో ఫ్రెట్ మీద పెడితే గిటార్ మొత్తం రెండు స్వరస్థానాలు పైకి జరుగుతుంది. మీ వేళ్లు మాత్రం వచ్చిన షేపులే వేస్తాయి.

స్కేల్ చేంజర్ హార్మోనియం చూశారా? మెట్ల వరసని పక్కకి జరిపితే శ్రుతి మారుతుంది, వాయించే వేళ్లు మారవు. కాపో గిటార్‌కి అలాంటిదే. ఒక్క తేడా ఉంది: కాపో పైకి మాత్రమే తీసుకెళ్తుంది, కిందికి దించలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

కాపో అనే పేరు ఇటాలియన్ మాట 'కాపొటాస్టో' నుంచి వచ్చింది. స్పెయిన్‌లో ఫ్లమెంకో వాయించేవాళ్లు దీన్నే 'సెహియా' అంటారు. అక్కడ పాడేవాళ్ల గొంతు ఎక్కడ సుఖంగా ఉంటే సెహియా అక్కడికి జరుగుతుంది. పాడే మనిషి మారితే ఫ్రెట్ మారుతుంది. అంత దూరాన ఉన్నవాళ్లకీ అదే పద్ధతి: గొంతు ముందు, గిటార్ వెనక.

అవ్వ శ్రుతి ఎట్లా పట్టుకోవాలి?

మన పెద్దవాళ్లు సి, డి అని చెప్పరు. "నాది ఐదున్నర", "ఆయనది ఒకటిన్నర" అంటారు. ఇది హార్మోనియం మెట్ల లెక్క. తెల్లమెట్లు ఒకటి నుంచి ఏడు వరకు, మధ్యలో వచ్చే నల్లమెట్టుకి 'న్నర'. మూడుకీ నాలుగుకీ మధ్య నల్లమెట్టు లేదు కాబట్టి మూడున్నర శ్రుతి ఉండదు. అట్లే ఏడున్నరా ఉండదు.

ఇప్పుడు ఇలా చేయండి:

1. ఏ వాయిద్యమూ లేకుండా, వాళ్లకి బాగా అలవాటైన పాట ఒకటి పాడమనండి. "నాకోసం పాడు" అంటే సిగ్గుపడతారు. దీపం పెట్టేటప్పుడో పూలు కట్టేటప్పుడో వాళ్లంతట వాళ్లు పాడుతుంటే వినండి.
2. పాట ఎక్కడికొచ్చి నిలుస్తుందో అదే వాళ్ల 'సా'. ఆ స్వరాన్ని మీరూ అందుకుని ఫోన్‌లో ట్యూనర్ యాప్ ముందు పట్టి ఉంచండి. అక్షరం కనిపిస్తుంది.
3. ఇప్పుడు మీరు వాయించబోయే భజనలో అన్నిటికంటే పైకి పోయే లైను పాడించండి. మెడ నరాలు బిగుసుకుంటే ఒక మెట్టు దించండి. కింది స్వరాలు వినపడకుండా పోతుంటే ఒక మెట్టు పెంచండి.
4. పాట చెప్పేవాళ్లనే కాదు, అందుకునేవాళ్లని కూడా ఇద్దరు ముగ్గుర్ని చూడండి. ఎవరికి కష్టంగా ఉందో వాళ్ల దగ్గరికి సర్దండి.

మరుసటి రోజు పొద్దున అవ్వ పూలు కడుతూ పాడుతుంటే నేను విన్నాను. నాలుగున్నర, అంటే ఎఫ్ షార్ప్. నేను ముందురోజు రాత్రి వాయించింది జి షేప్, మూడో ఫ్రెట్, అంటే ఎ షార్ప్, ఆరున్నర. అవ్వ గొంతుకి నాలుగు స్వరస్థానాలు పైన! చరణం అందుకోలేకపోవడంలో వింతేముంది?

సరే, కాపో కిందికి జరుపుదాం అనుకున్నాను. మొత్తం తీసేశాను. అయినా జి, అంటే ఐదు. అవ్వ శ్రుతికి ఇంకా అర మెట్టు పైనే. కాపో దించలేదని చెప్పాను కదా, ఇదే ఆ ఇరకాటం. దీనికి దారి కాపోలో లేదు, షేప్‌లో ఉంది. జి షేప్ వదిలేసి డి షేప్ పట్టుకుని, నాలుగో ఫ్రెట్ మీద కాపో పెడితే సరిగ్గా ఎఫ్ షార్ప్ వచ్చింది. కాపో పైకి పోయింది, పాట కిందికి వచ్చింది. మొదటిసారి వింటే తికమకగా ఉంటుంది, రెండుసార్లు చేస్తే అలవాటైపోతుంది.

ఈ పట్టీ రాసుకుని గిటార్ బ్యాగులో పెట్టుకోండి:

- ఒకటి (సి): సి షేప్, కాపో అక్కర్లేదు
- ఒకటిన్నర (సి షార్ప్): సి షేప్, 1వ ఫ్రెట్
- రెండు (డి): డి షేప్, కాపో అక్కర్లేదు, లేదా సి షేప్, 2
- రెండున్నర (డి షార్ప్): డి షేప్, 1; లేదా సి షేప్, 3
- మూడు (ఇ): డి షేప్, 2, లేదా సి షేప్, 4
- నాలుగు (ఎఫ్): డి షేప్, 3, లేదా ఇ షేప్, 1
- నాలుగున్నర (ఎఫ్ షార్ప్): డి షేప్, 4, లేదా ఇ షేప్, 2
- ఐదు (జి): జి షేప్, కాపో అక్కర్లేదు
- ఐదున్నర (జి షార్ప్): జి షేప్, 1
- ఆరు (ఎ): ఎ షేప్, కాపో అక్కర్లేదు, లేదా జి షేప్, 2
- ఆరున్నర (ఎ షార్ప్): జి షేప్, 3, లేదా ఎ షేప్, 1
- ఏడు (బి): ఎ షేప్, 2, లేదా జి షేప్, 4

చూశారా, నాలుగో ఫ్రెట్ దాటాల్సిన పనే లేదు. అంటే మీరు కొనే కాపో ఒకటి నుంచి నాలుగో ఫ్రెట్ దాకా చక్కగా పనిచేస్తే మీ భజన జీవితం గడిచిపోతుంది.

మీ గిటార్‌కి సరిపోయే కాపో

ఇప్పుడు నా మొదటి తప్పుకి వద్దాం, హార్మోనియంతో కలవకపోవడం.

స్టీల్ తీగల గిటార్ ఫ్రెట్‌బోర్డ్ పైకి కొంచెం ఉబ్బెత్తుగా, గుమ్మటంలా ఉంటుంది. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌ది సాధారణంగా చదునుగా, వెడల్పుగా ఉంటుంది. తలదగ్గర స్టీల్ గిటార్ వెడల్పు మామూలుగా 43, 44 మిల్లీమీటర్లు, క్లాసికల్‌ది 52 దాకా. నేను కొన్నది చదును పట్టీ ఉన్న కాపో, క్లాసికల్‌కి చేసింది. నాది స్టీల్ గిటార్. ఉబ్బెత్తు మీద చదును పట్టీ పెడితే ఏమవుతుంది? మధ్య తీగలు గట్టిగా అణుగుతాయి, అంచు తీగలు వదులుగా ఉండి జరజరమంటాయి. అంచులూ అణగాలని స్ప్రింగ్ బలం ఎక్కువున్నది తీసుకుంటే, మధ్య తీగలు ఇంకా సాగి శ్రుతి పైకి పోతుంది. నా గిటార్‌కి జరిగింది సరిగ్గా ఇదే.

మీ గిటార్ ఏ రకమో అనుమానంగా ఉంటే స్టీలు స్కేలు ఒకటి తీసుకుని దాని అంచుని ఫ్రెట్ మీద అడ్డంగా నిలబెట్టండి. అటూ ఇటూ ఊగితే ఉబ్బెత్తు, కదలకుండా కూర్చుంటే చదును. కాపో పట్టీ కూడా దానికి తగ్గట్టు వంపుగానో చదునుగానో ఉండాలి. డబ్బా మీద అకూస్టిక్, క్లాసికల్, ఎలక్ట్రిక్ అని రాసి ఉంటుంది, చదివి కొనండి.

ఇక రకాలు:

బట్ట పట్టీ కాపో. ఎలాస్టిక్ పట్టీతో బిగించేది. చవక, తేలిక. కానీ కొన్నాళ్లకి పట్టీ సాగిపోతుంది, అన్ని తీగల మీదా ఒకే ఒత్తిడి ఉండదు. నేర్చుకోవడానికి పర్లేదు, గుడికి వద్దు.

స్ప్రింగ్ కాపో. బట్టల క్లిప్పులా నొక్కి పెట్టేది. కైజర్ కంపెనీది బాగా పేరున్న రకం, అదే తీరులో చవకవి బోలెడు. ఒక్క చేత్తో క్షణంలో మార్చొచ్చు. భజనలో ఒక పాట అయిపోగానే ఇంకొకరు ఇంకో శ్రుతిలో అందుకుంటారు, అప్పుడు దీని విలువ తెలుస్తుంది. లోపం ఒకటే: ఒత్తిడి మన చేతిలో ఉండదు. స్ప్రింగ్ ఎంత బిగిస్తే అంత.

స్క్రూ కాపో. ఒత్తిడిని మనమే స్క్రూ తిప్పి సర్దుకోవచ్చు. షబ్ కాపోలో స్క్రూతో పాటు ఒక మీట కూడా ఉంటుంది: ఒకసారి స్క్రూ సర్దుకుంటే తర్వాత మీట వేయడం, తీయడమే. డి అడారియో కంపెనీ కూడా స్క్రూ రకం చేస్తుంది. హార్మోనియం పక్కన కూర్చుని వాయించేవాళ్లకి నా సలహా ఇదే రకం. హార్మోనియం రీడ్లు అప్పటికప్పుడు మారవు, సర్దుకోవాల్సింది మనమే. ఆ సర్దుబాటుకి స్క్రూ వీలిస్తుంది.

చేత్తో పిండే కాపో. జి సెవెన్త్ అనే బ్రిటిష్ కంపెనీది పేరున్నది. ఎంత పిండితే అంత బిగుసుకుని అక్కడే ఆగుతుంది. సుఖంగా ఉంటుంది, ధర మాత్రం బరువు. వారానికి ఒక భజనకి వాయించేవాళ్లకి తప్పనిసరి ఏం కాదు.

సగం కాపో. మూడు తీగల్నే పట్టేది. రెండో ఫ్రెట్ దగ్గర 5, 4, 3 తీగల మీద పెడితే కాపో పట్టని తీగలతో కలిపి ఇ, బి, ఇ, ఎ, బి, ఇ పలుకుతాయి. మూడో శ్రుతిలో సా, పా, సా, మా, పా, సా. మూడో తీగని నాలుగో ఫ్రెట్ దగ్గర ఒక్క వేలితో నొక్కితే ఆ 'మా' కూడా 'పా' అయిపోయి, మొత్తం సా పా మాత్రమే మిగులుతుంది, తంబూరాలాగా. మాయామాళవగౌళ లాంటి రాగాల్లో మామూలు కార్డులు అడ్డుపడతాయి, అక్కడ ఇది చక్కగా ఒదుగుతుంది. కానీ ఇది రెండో కాపోగా కొనండి, మొదటిది కాదు.

షాపులో ఇలా పరీక్షించండి

ప్రొద్దుటూరైనా కడపైనా హైదరాబాద్ అయినా, కాపో కొనడానికి పోతే మీ గిటార్ తీసుకెళ్లండి. చెప్పులు కొనేటప్పుడు కాళ్లు ఇంట్లో పెట్టి పోతామా?

1. ముందు కాపో లేకుండా ట్యూన్ చేయండి.
2. రెండో ఫ్రెట్ కడ్డీకి ఆనుకుని, వెనకగా, దానికి సమాంతరంగా కాపో పెట్టండి. కడ్డీ మీదికి ఎక్కకూడదు, మరీ దూరంగానూ ఉండకూడదు.
3. ఆరు తీగలూ ఒక్కొక్కటిగా మీటండి. జరజర, మూగ శబ్దం ఉండకూడదు.
4. మళ్లీ ట్యూనర్ చూడండి. కాపో పెట్టాక కొద్దిగా పైకి పోవడం మామూలే. కానీ ఒక తీగ ఎక్కువ, ఒక తీగ తక్కువ పోతుంటే ఆ కాపో మీ గిటార్‌కి కాదు.
5. ఒకటో ఫ్రెట్, నాలుగో ఫ్రెట్ దగ్గర కూడా ఇదే చేయండి. మెడ లావు మారుతుంది కాబట్టి ఒత్తిడీ మారుతుంది.
6. వెనక మెడకి తగిలే చోట రబ్బరు ఉందో లేదో చూడండి. ఇనుము తగిలితే పాలిష్ పోతుంది.

మామూలు కాపోలు రెండు మూడు వందల నుంచి దొరుకుతాయి, పేరున్నవి వేలల్లో ఉంటాయి. ఈ ఆరు పరీక్షలు నెగ్గిన చవక కాపో, నెగ్గని ఖరీదైన కాపో కంటే మేలు. మొహమాటపడకండి.

వాడేటప్పుడు

గుడిలో కూర్చోగానే ఫోన్ పక్కన పెట్టి, హార్మోనియం మాస్టారుని 'సా' పట్టమని అడగండి. పాత హార్మోనియంలు యాప్ చూపించే చోటికి కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. అక్కడ యాప్ నిజం కాదు, హార్మోనియమే నిజం. ముందు దానికి ట్యూన్ చేయండి, కాపో పెట్టండి, మళ్లీ ఒకసారి సరిచూసుకోండి. తీగ పలికేంత ఒత్తిడి చాలు, అంతకన్నా బిగించొద్దు.

భజన అయిపోగానే కాపో తీసేయండి. అట్లే వదిలేస్తే తీగల కింద రబ్బరు గాట్లు పడుతుంది. మన సీమ ఎండలకి కారు డాష్‌బోర్డ్ మీద అసలు పెట్టొద్దు, రబ్బరు పాడైపోతుంది. గిటార్‌నీ కారులో వదలొద్దు.

మళ్లీ ముద్దనూరు

ఆ రెండో రాత్రి నా దగ్గరున్నది అదే పనికిరాని కాపో. ఒక్క రోజులో కొత్తది ఎక్కడ తెస్తాను? డి షేప్, నాలుగో ఫ్రెట్ పెట్టి, జరజరమనే అంచు తీగల్ని వదిలేసి, మధ్య నాలుగు తీగలే హార్మోనియంకి కలిపి మెల్లగా మీటాను. మాస్టారుని "నాలుగున్నరకి పోదామా సార్?" అని అడిగాను. ఆయన నవ్వి, వేళ్లు జరిపి 'సా' పట్టారు. నేను ఒక రోజంతా లెక్కలేసింది ఆయనకి ఒక క్షణం పని.

పల్లవి చెప్పాను. అవ్వ అందుకుంది. చరణం వచ్చింది. పాట పైకి పోయింది, అవ్వా పోయింది. పక్కనున్నవాళ్లూ పోయారు. నా గిటార్ ఎవరికీ వినపడలేదు. నాకే సరిగ్గా వినపడలేదు.

ఊరి నుంచి వచ్చాక స్క్రూ కాపో, వంపు పట్టీ ఉన్నది కొనుక్కున్నాను. బాగుంది. కానీ దాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పింది మాత్రం అవ్వే.

ఈ వారం మీ పని ఒకటే. కాపో ఆర్డర్ పెట్టకముందు మీ ఇంట్లో పెద్దవాళ్లు పాడుతుంటే ఒకసారి కూర్చుని వినండి. వాళ్ల 'సా' పట్టుకుని, పై పట్టీలో ఏ వరసలో ఉందో గీత గీసుకోండి. ఆ వరసలోని షేప్ ఒక వారం కాపో లేకుండా ప్రాక్టీస్ చేయండి. అప్పుడు షాపుకి పోండి.

అందరికీ మంచి జరగాలి. జై శ్రీరామ్.